రాక్షసుని ప్రాణం ఎక్కడుంది?

మాయల ఫకీరు ప్రాణం చిలకలో ఉందని తెలుగునాట ఎరుగనివారు అరుదు. కాని బాలనాగమ్మ ఎరుగదు. ఫకీరు నోటనే ఆ గుట్టు రాబట్టుకోవలసి వచ్చింది. కథ పదిసార్లు విన్నవారికి తెలిసినది పాత్రకు తెలియకపోవడంలోనే దాని బిగువంతా ఉంది.

1974లో అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ వెలువరించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆటలోనూ ఇదే చిక్కు. నిర్వాహకుడు కథ నడుపుతాడు. తక్కినవారు తలా ఒక పాత్ర ధరించి, బల్ల చుట్టూ కూర్చుని మాటలతోనే సాహసాలు చేస్తారు. సందేహం కలిగినచోట పాచిక తీర్పు చెబుతుంది. ట్రాల్ అనే రాక్షసుని గాయాలు వాటంతటవే మానిపోతాయి. నిప్పు, ఆమ్లం చేసిన గాయాలు మాత్రం మానవు. ఆటగానికి ఇది కంఠపాఠం. అతడు ధరించిన పల్లెటూరి పాత్రకు తెలుసునా?

2003 నాటి సవరించిన నియమాలు ఇందుకొక లెక్క చెప్పాయి. 20 ముఖాల పాచిక దొర్లించి, వచ్చిన అంకెకు పాత్ర విద్యాబలాన్ని కలపాలి. 10కి ఆ ప్రాణి బలసంఖ్యను చేర్చగా వచ్చిన మొత్తాన్ని అది అందుకుంటే ఒక ఉపయుక్తమైన సంగతి స్ఫురిస్తుంది. ఆపైన ప్రతి 5కీ మరొకటి. ముచ్చటైన లెక్కే. కాని దీని ప్రకారం ప్రాణి ఎంత బలిష్ఠమో అంత అజ్ఞాతం! లోకమంతా కథలు చెప్పుకొనే మహాసర్పం గుర్తుకు రాదు. ఎవరూ చూడని పురుగు ఇట్టే గుర్తుకు వస్తుంది. పులిని ఎరుగనివారెవరు? అడవిలోని అలుగును ఎరిగినవారెందరు?

పుదుచ్చేరి చెంత కాలాపేట విశ్వవిద్యాలయంలో కొందరు విద్యార్థులు ఈ ఆటకు కూర్చున్నారనుకుందాం. యానాం కుర్రవాడు (యానాం కూడా పుదుచ్చేరిలోదే కదా) గోదావరి పడవవాని పాత్ర ధరించాడు. అతని మిత్రుడు కొండరాజ్యపు పండితుడు. ఎదుట నీటిభూతం లేచింది. పాచికతో పనేమి? పడవవానికి దాని స్వభావం తాత చెప్పి ఉంటాడు. పండితుడు గ్రంథంలో పేరు మాత్రం చదివి ఉంటాడు. ఇద్దరికీ అంతుపట్టని దానికే పాచిక.

అది పడకపోతే? “నీకేమీ తెలియదు” అని నిర్వాహకుడు ఊరుకుంటే ఆట అక్కడే నిలిచిపోతుంది. అబద్ధం చెబితే, పాచిక మీది అంకె చూసినవారెవరూ నమ్మరు. అంతకన్న, ట్రాల్ గాయం చూస్తుండగానే పూడుకుపోతున్నదని వర్ణించవచ్చు. ఊరి ముసలమ్మ చేత ఒక మాట అనిపించవచ్చు. కాగడా వెలుగు పడగానే రాక్షసుడు ఒక అడుగు వెనక్కు వేయవచ్చు. అప్పుడు గుట్టు ముందే ఎరిగిన ఆటగాడు సైతం సంకోచం లేకుండా తన పాత్ర చేత నిప్పు అంటింపజేస్తాడు.