అటకెక్కిన ఆట

తెలుగు పాఠాలు చెప్పుకునేవాళ్ళకు వీడియోగేముల గొడవ ఎందుకని కొందరికి అనిపించవచ్చు. పాచిపెంటలో అరుగుమీద బొగ్గుతో గీసుకునే పులిజూదమైనా, జపానులో టీవీ తెరమీద కదిలే బొమ్మలాటైనా ఆట ఆటే కదా! పైగా నేను చెప్పబోయేదాంట్లో ఆట సంగతి కొంతే. మనుషుల సంగతే ఎక్కువ. పూర్తయిన ఆటను దాని సొంతదారులే మూటకట్టి అటకమీద పడేసి, 22 ఏళ్ళ తర్వాత దించి, దుమ్ము దులిపి అమ్ముకున్న కథ ఇది.

ఆ ఆట పేరు స్టార్‌ఫాక్స్ 2. జపానులోని క్యోటో నగరంలో నింటెండో అనే కంపెనీ ఉన్నది. ఆటలూ, ఆ ఆటలాడే యంత్రాలూ తయారుచేయడం దాని వ్యాపారం. 1990లో అది సూపర్ ఫామికామ్ అనే యంత్రాన్ని విడుదల చేసింది. టీవీకి తగిలించుకుని ఆడుకోవాలి. ఆ రోజుల్లో తెరమీది బొమ్మలు చాలావరకు మన తోలుబొమ్మల్లా చదునుగా ఉండేవి. లోతూ, దూరమూ ఉన్న బొమ్మల్ని చకచకా తిప్పి చూపించడం ఆ యంత్రం ఒక్కదానికీ చేతనయ్యే పని కాదు. లండన్‌లోని ఆర్గొనాట్ కంపెనీవారు దానికో ఉపాయం కనిపెట్టారు. ఆట ఉండే డబ్బీలోనే సూపర్ ఎఫ్ఎక్స్ అనే చిప్‌ను అదనంగా అమర్చారు. బరువు మోయలేని ఎద్దుకు పక్కన మరో ఎద్దును కట్టినట్టన్నమాట! అలా 1993లో మొదటి స్టార్‌ఫాక్స్ వచ్చింది.

ఇందులో నాయకుడు ఒక నక్క. మన పంచతంత్రంలో కరటక దమనకులు సింహం కొలువులో మంతనాలు చేసుకుంటూ ఉండిపోయారు గాని, ఈ నక్క ఏకంగా ఆకాశనౌక నడుపుతూ శత్రువులతో యుద్ధం చేస్తుంది. జనం ఎగబడి కొన్నారు. ఇక రెండో భాగం తీయకుండా ఎవరుంటారు?

రెండో భాగానికి దర్శకుడు కత్సుయ ఎగుచి. ప్రోగ్రాములు రాసినవారిలో ముఖ్యుడు డిలన్ కత్‌బర్ట్ అనే ఆంగ్లేయ యువకుడు. మొదటి ఆటలో గీచిన దారివెంటే పోవాలి. రెండోదాంట్లో మన ముందు ఒక పటం పరుస్తారు. మనం ఒకచోట పోరాడుతూ ఉండగానే శత్రువుల అస్త్రాలు మరొక వైపునుంచి మన గ్రహంమీదికి వచ్చిపడుతూ ఉంటాయి. ఎటు పోవాలో, ఎవరిని ముందు అడ్డుకోవాలో మనమే తేల్చుకోవాలి. 1995 జనవరిలో అమెరికాలోని లాస్‌వేగాస్‌లో జరిగిన ప్రదర్శనలో దీన్ని చూపించారు కూడా. ఆట పూర్తయింది. ఇక అంగళ్ళకు చేరడమే తరువాయి.

చేరలేదు.

కారణం వింటే చిత్రంగా ఉంటుంది. ఆటలో లోపమేదో బయటపడి కాదు. 1994 చివర సెగా కంపెనీ సాటర్న్, సోనీ కంపెనీ ప్లేస్టేషన్ అనే కొత్త యంత్రాలను జపానులో దింపాయి. లోతున్న బొమ్మలు వాటికి మంచినీళ్ళ ప్రాయం. నింటెండో కూడా నింటెండో 64 అనే కొత్త యంత్రాన్ని సిద్ధం చేసుకుంటున్నది. అది 1996లో వచ్చింది. ఇలాంటప్పుడు పాత యంత్రం మీద ఈ ఆట వస్తే వెలవెలపోతుందనీ, కొత్త తరహా బొమ్మలు కొత్త యంత్రంతోనే మొదలైతే బాగుంటుందనీ కంపెనీ పెద్దలు తలచారట. కత్‌బర్టే తర్వాత ఈ సంగతి చెప్పాడు.

అంతటితో ఆగలేదు. 1997లో నింటెండో 64 కోసం స్టార్‌ఫాక్స్ 64 చేసినప్పుడు, అటకమీది ఆటలోని ఊహలు కొన్ని దానికి వాడుకున్నారు. పెద్దపిల్ల నగలు తీసి చిన్నపిల్లకు పెట్టి పెళ్ళిచేసినట్టయింది. లోకమంతా చిన్నదాని సింగారం చూసి మెచ్చుకున్నది. పెద్దది ఒకతె ఉన్నదని ఎంతమందికి గుర్తు?

గుర్తున్నవాళ్ళూ కొందరున్నారు. అసంపూర్ణంగా ఉన్న ప్రతులు ఎలాగో బయటికి పొక్కితే, అభిమానులు వాటిని కంప్యూటర్లమీద ఆడుకుంటూ ఆ పేరు చచ్చిపోకుండా కాపాడారు. చివరికి 2017లో నింటెండో తన పాత యంత్రాన్నే అరచేతిలో పట్టేంత చిన్నదిగా చేసి, 21 ఆటలతో అమ్మకానికి పెట్టింది. అందులో ఒకటి స్టార్‌ఫాక్స్ 2! ముందు మొదటి స్టార్‌ఫాక్స్‌లో మొదటి ఘట్టం గెలవాలి. అప్పుడు గాని రెండోదాని తలుపు తెరుచుకోదు. పాతబడిందంటారేమోనని 1995లో దాచిన వస్తువును, 2017లో పాతది కావడమే గొప్పగా అమ్మారు. వస్తువు అదే. మారింది చూసేవారి కన్ను.

పనులు ఆగిపోవడం మనకు కొత్తకాదు. నన్నయగారి భారతం అరణ్యపర్వం మధ్యలో ఆగింది. తిక్కన విరాటపర్వంనుంచి అందుకుంటే, నడుమ మిగిలిన భాగాన్ని ఎఱ్ఱన పూరించాడు. ఆగిన పనికి మరో చెయ్యి సాయం దొరికింది. పూర్తిచేసి దాచిన పనికి కావలసిన సాయం వేరు. దాన్ని ఎవరూ పూరించనక్కరలేదు. పారేయకుండా ఉంటే చాలు. స్టార్‌ఫాక్స్ 2 ను వద్దన్నవారే దాన్ని భద్రంగా ఉంచారు. వారు చేసిన అన్యాయంలో ఆ మాత్రం న్యాయం ఉన్నది.

ఈ న్యాయం మన ఇళ్ళలో ఎంతవరకు సాగుతున్నదో చూసుకోవాలి. పెళ్ళికి ముందు అమ్మ రాసుకున్న కథలు, తాతగారు కట్టిన పాటల నోటుబుక్కు, ఉద్యోగంలో చేరకముందు అన్నయ్య వేసిన బొమ్మలు — “ఇప్పుడివి ఎవరికి కావాలి?” అంటూ పండగ బూజులు దులిపేటప్పుడు పాతకాగితాలవాడికి తూకానికి వేసేస్తాము. రేపటివారికి ఏది కావాలో తేల్చే అధికారం మనకెవరిచ్చారు?

22 ఏళ్ళు నిరీక్షించిన కత్‌బర్ట్ బృందానికి తమ పని లోకం చూసే రోజు వచ్చింది. అందరికీ అంత అదృష్టం పట్టదు. అందుచేత మెచ్చుకోదగ్గ పనేదైనా ఇంట్లో కనబడితే, అటక ఎక్కించకముందే ఒకసారి కూర్చుని చదవండి, వినండి, చూడండి. చేసినవాళ్ళు ఎదుట ఉండగా చెప్పిన మంచిమాట, తర్వాత జరిపే ఏ ఉత్సవానికీ తీసిపోదు.