ఆట యిటుకలతో విమాన చరిత్ర

బాలబాలికలు బొమ్మలతో ప్రొద్దుపుచ్చుట చదువునకు విఘ్నమని తలిదండ్రులలో పెక్కుమంది తలంతురు. ఒకదానిపై నొకటి బిగియునట్లు చేయబడిన లెగో మొదలగు ప్లాస్టిక్ ఇటుకలతో తొలినాటి విమానముల నమూనాలను కట్టుటను గూర్చియు ఈ యాక్షేపణ వినవచ్చుచున్నది. తగిన రీతిగా జరిపినచో ఆ పని చరిత్ర పాఠమును, ప్రకృతిశాస్త్ర పాఠమును గూడ నగునని నా యభిప్రాయము.

విమాన చరిత్రయందే బొమ్మకు గౌరవస్థానము కలదు. 1878వ సంవత్సరమున అమెరికాలో మిల్టన్ రైట్ అను బిషప్పు తన కుమారులగు విల్బర్, ఆర్విల్ అను వారికి ఎగిరెడు బొమ్మ నొకదానిని తెచ్చి యిచ్చెను. వెదురు, బెండు, కాగితము, మెలిపెట్టిన రబ్బరు పట్టీ, ఇవియే దాని సామగ్రి. అది విరిగిపోగా బాలురే మరియొకటి చేసికొనిరి. ఆ సోదరులే 1903 డిసెంబరు 17వ తేదీన కిట్టీహాక్ సమీపమున ఇంజను గల విమానముపై నెగిరిరి. మొదటిసారి 12 సెకండ్లలో 120 అడుగులు. ఆ దినమున నాలుగవసారి 59 సెకండ్లలో 852 అడుగులు పోయిరి.

ఈ యంకెలను వల్లించుట ఒక్క సాయంకాలపు పని. కాని ఆ విమానమును ఇటుకలతో కట్టబూనిన వానికి అడుగడుగునను ప్రశ్న యెదురగును. పైకి, క్రిందికి త్రిప్పు చుక్కాని వెనుక గాక ముందేల యున్నది? ఇంజను ఒక్కటియే యైనను ప్రొపెల్లరులు రెండేల? కుడి రెక్క ఎడమదానికంటె 4 అంగుళములు పొడుగేల? నడపువాడు ఎడమప్రక్కను బోరగిల పండుకొనగా, అతనికంటె బరువైన ఇంజను కుడిప్రక్క నుండెను. ఆ బరువును మోయుటకే ఆ 4 అంగుళములు. ఇంత స్వల్పభేదమును చిన్న నమూనాయందు చూపుట కష్టము. తెలిసికొనుట కష్టము కాదు.

ఇటుక బొత్తిగా చేయలేని పనియు నొకటి కలదు. రైట్ సోదరులు తీగలతో రెక్కల కొనలను మెలిపెట్టి, విమానము ప్రక్కకు ఒరిగిపోకుండ నిలుపుకొనిరి. వారి విజయమునకు ముఖ్యకారణములలో ఇది యొకటి. ఇటుకకు వంగుట తెలియదు. కావున ఎంత యందముగా కట్టినను ఈ విషయమున ఇటుక విమానము మూగయే. "నీ నమూనాలో లేని దేది?" అని ఉపాధ్యాయుడు అచ్చటనే యడుగవలెను.

ఆ తొలి ప్రయాణమునకు నూరేండ్లు నిండిన 2003వ సంవత్సరమున లెగో సంస్థవారు ఆ విమానపు నమూనా పెట్టెను విక్రయించిరి. అట్టి పెట్టెలతో వచ్చు పుస్తకమును చూచి పుటవెంట పుట కట్టుట చేతికి మంచి సాధకమే. కాని యది చూచివ్రాత వంటిది. రైట్ సోదరులును మొదట పరుల లెక్కలనే నమ్మిరి. 1901వ సంవత్సరమున వారి గ్లైడరు ఆ లెక్కల ప్రకారము పైకి లేవకపోగా, గాలి సొరంగమును తామే నిర్మించి, సుమారు 200 చిన్న రెక్కల నమూనాలను పరీక్షించిరి. వారికి నమూనా బీరువాలోని యలంకారము కాదు, ప్రశ్నించు సాధనము.

ఇటుకల వెల హెచ్చని జంకు తలిదండ్రులకు ఒక మాట. ఇంటింట పెట్టె యక్కరలేదు. తరగతికి ఒకటి చాలును. అదియు దొరకనిచో వెదురుపుల్లలును, కాగితమును ఉండనే యున్నవి.

పాఠశాలల ప్రదర్శనములలో ఇటుకల సంఖ్యను బట్టియు, రంగుల సొంపును బట్టియు బహుమతు లియ్యరాదు. ఏ ధనికుని బిడ్డయైనను పెద్ద పెట్టెను కొని తేగలడు. ప్రతి నమూనాప్రక్కను విద్యార్థి స్వహస్తముతో వ్రాసిన కాగిత ముండవలెను: ఇందు నిజవిమానమునకు సరిపోవున దేది? సరిపోని దేది? అందులకు కారణమేమి? బహుమతి ఆ కాగితమునకే చెందవలెను.