అరిగిన రికార్డులో అల్లరి
జార్జ్ గెర్ష్విన్ ‘రాప్సొడీ ఇన్ బ్లూ’ను ముందుగా 1924 జూన్ రికార్డులోనే వినాలంటాను, పాల్ వైట్‌మన్ బృందంతో పియానో వాయించింది గెర్ష్వినే. నేడు కచేరీల్లో మోగే నిండు సింఫనీ రూపాన్ని ఫెర్డీ గ్రోఫే 1942లో, అంటే స్వరకర్త పోయిన ఐదేళ్లకు కూర్చాడు. అదే గ్రోఫే ఈ రచనకు చేసిన తొలి వాద్యకూర్పు మాత్రం వైట్‌మన్ జాజ్ బృందానికే. 1924 రికార్డులో శబ్దం గరగరలాడుతుంది కదా, పైగా రికార్డు రెండు వైపులా పట్టేందుకు రచనను సుమారు తొమ్మిది నిమిషాలకు కత్తిరించారు కదా అనొచ్చు. నిజమే, మొత్తం రచన కావాలంటే తర్వాతి రికార్డులకే వెళ్లాలి. కానీ ఈ పాత రికార్డులో రాస్ గోర్మన్ క్లారినెట్ తొలి జారుడులోనే వెకిలిగా నవ్వుతుంది, పియానో పెద్దరికం నటించదు. ఆ అల్లరిని పెద్ద ఆర్కెస్ట్రాలు చాలావరకు ఇస్త్రీ చేసేశాయి. 1976లో కండక్టర్ మైకేల్ టిల్సన్ థామస్, గెర్ష్విన్ వాయింపును నమోదు చేసిన పియానో రోల్‌కు మళ్లీ జాజ్ బృందాన్నే జతచేసింది ఊరికే కాదు.