శునక శిక్షణ: దండన కంటే క్లిక్కర్ మేలు

కాపలా కుక్కకు మాట నేర్పాలంటే కర్ర చూపక తప్పదన్న అభిప్రాయం గ్రామాలలో ఇంకా బలంగా ఉంది. దెబ్బ తిన్న కుక్క ఏమి చేయకూడదో కొంత గ్రహించవచ్చు గాని, ఏమి చేయాలో గ్రహించదు. పైగా మనిషి చేతికి భయపడుతుంది; భయపడిన కుక్క కరిచే అవకాశం ఎక్కువ. రేబిస్ టీకా వేయవచ్చిన పశువైద్యునికి ఎదురయ్యే చిక్కు కూడా ఇదే.

ప్రత్యామ్నాయం కొత్తది కాదు. సరైన ప్రవర్తనను అది జరిగిన క్షణంలోనే ఒక శబ్దంతో గుర్తించి, వెంటనే ఆహారం అందించే పద్ధతిని మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ 1951లోనే వివరించారు. మొదట క్లిక్ శబ్దం, వెనువెంటనే చిన్న ఆహారపు ముక్క. ఇలా 10-15 సార్లు చేస్తే శబ్దానికి అర్థం ఏర్పడుతుంది. ఆ తరువాత ఆహారాన్ని ముక్కు మీదుగా తల వెనుకకు జరిపితే కుక్క సాధారణంగా కూర్చుంటుంది. పిరుదులు నేలను తాకిన క్షణంలోనే క్లిక్ వినిపించాలి. ఆలస్యమైతే లేచి నిలబడడాన్ని మెచ్చినట్లవుతుంది. ప్రవర్తన స్థిరపడిన తరువాతే “కూర్చో” అన్న ఆదేశాన్ని జోడించాలి. ఒంటిని తాకనివ్వడాన్ని కూడా ఇదే విధంగా, అంచెలంచెలుగా నేర్పవచ్చు.

మహిమ పరికరంలో లేదు, సమయపాలనలో ఉంది. బాల్‌పెన్ మీట శబ్దమైనా సరిపోతుంది. కనుక ఈ పద్ధతి నగర పెంపకందారుల వేడుకగా మిగిలిపోరాదు. పశువైద్య విద్యార్థుల క్షేత్ర శిక్షణలోను, టీకా శిబిరాలకు ముందు జరిపే అవగాహన కార్యక్రమాలలోను దీనికి స్థానం కల్పించాలి. సుదీర్ఘ ఉపన్యాసం కంటే, కర్ర లేకుండానే మాట విని కూర్చున్న ఒక్క కుక్క రైతును ఎక్కువగా ఒప్పిస్తుంది.