లెక్క వాళ్లది, ముప్పు మనదా?

భూమి లోతుల్లో రాయి సలసల కాగుతుంటది. ఒక బోరులోంచి చన్నీళ్లు ఒత్తిడితో పంపాలె, అవి రాతి పగుళ్ల వెంట పారి వేడెక్కాలె, ఇంకో బోరులోంచి పైకి రావాలె. ఆ వేడితో కరెంటు తీయాలె. చెప్పుడు అల్కనే. కానీ ఆ పగుళ్లను చూసినోళ్లెవరు? కంప్యూటర్లో మోడల్ కట్టి అంచనా వేయాల్సిందే.

తిరకాసంతా అక్కడే. పగులు వెడల్పు రెట్టింపైతే అందులో పారే నీరు ఎనిమిది రెట్లయితది. వెంట్రుకవాసి తప్పినా లెక్క తలకిందులే. వెడల్పు పగులు ఒక్కటి దొరికితే నీళ్లన్నీ దానెంబడే ఉరుకుతయి. పక్క రాయి వేడి పక్కనే ఉంటది, పైకొచ్చే నీళ్లు మాత్రం తొందరగా చల్లబడుతయి.

అమెరికాలోని ఫెంటన్ హిల్‌లో 1983 డిసెంబర్‌లో 20 వేల ఘనపు మీటర్లకు పైగా నీళ్లు దూర్చారు. పగుళ్లు అనుకున్న దిక్కుకు పోలేదు, రెండు బోర్లు కలవలేదు. ప్రకంపనలు ఎక్కడ పుట్టాయో చూసి బోరును అటు మళ్లించి తవ్వాల్సొచ్చింది.

అక్కడ ఖర్చుతో పోయింది. దక్షిణ కొరియాలోని పోహాంగ్‌లో ఇండ్లే పోయినయి. 2017 ఏప్రిల్‌లో నీళ్లు పంపాక తీవ్రత 3 దాటిన భూకంపమొచ్చింది. అప్పుడైనా సోయి రావాలె కదా! కొన్నాళ్లాగి మళ్లీ నీళ్లు పంపారు. నవంబర్ 15న 5.5 తీవ్రతతో నగరం కంపించింది. ఎవరూ గుర్తించని భ్రంశాన్ని ఆ నీళ్లే కదిలించాయని 2019లో ప్రభుత్వ నిపుణుల కమిషన్ తేల్చింది. పంపిన నీళ్లను బట్టే భూకంపం సైజుంటదన్న ధీమా అక్కడ తుస్సుమంది.

మనకెందుకీ ముచ్చట అంటారా? మణుగూరు దగ్గర పగిడేరులో సింగరేణి 20 కిలోవాట్ల ప్రయోగాత్మక ప్లాంటు పెట్టింది. అది సహజంగా ఉబికే వేడినీళ్లది, రాయి పగలగొట్టేది కాదు. దాన్ని తప్పుపట్టే పనిలేదు. అయితే 2025లో కేంద్రం భూతాప విద్యుత్ విధానం ప్రకటించింది. రేపు లోతు బోర్ల మాట రాదని ఎవరనగలరు? ఇదే గోదావరి లోయలో 1969లో భద్రాచలం దగ్గర 5.7, 2024 డిసెంబర్ 4న ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో నేల కదిలింది.

కాబట్టి బోరు యంత్రం ఊర్లోకి రాకముందే మోడల్ బయటపెట్టాలె. అందులో ఏ భ్రంశాలు గీశారు, ఏవి గీయలేదు, ఎంత ప్రకంపనకు పంపు బంద్ పెడతారు, ఇల్లు కూలితే పైసలెవరిస్తారు? ఏజెన్సీ గ్రామసభల్లో తెలుగులో, కోయలో చెప్పాలె. కంపెనీతో సంబంధంలేని శాస్త్రవేత్తలు ఆ లెక్కను మళ్లీ వేసి చూడాలె. దాకా ఒక్క చుక్క కూడా కిందికి పంపనియ్యొద్దు.