చెల్లి ఫోన్‌లో నిఘా యాప్ ఎందుకు వేయలేదంటే

సంక్రాంతికి అరకు వెళ్తే చిన్నాన్న నన్ను పక్కకి పిలిచి చెల్లి ఫోన్ చేతిలో పెట్టారు. "నువ్వు సాఫ్ట్‌వేర్ కదా బాబూ, ఇందులో ఈ యాప్ వేసెయ్. దానికి తెలియకూడదు. వైజాగ్‌లో ఎక్కడ తిరుగుతోందో, ఎవరితో మాట్లాడుతోందో ఇక్కడి నుంచే చూసుకుంటా" అన్నారు. లాక్ ప్యాటర్న్ కూడా ఆయనే చెప్పారు. యాప్ పేరు కాగితం మీద రాసి పెట్టుకున్నారు. చెల్లికి పంతొమ్మిదేళ్లు, హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. చిన్నాన్న చెడ్డవారేం కాదు, భయం అంతే.

ఆ యాప్ ప్లే స్టోర్‌లో లేదు. ఉండదు కూడా. రహస్యంగా నిఘా పెట్టే యాప్‌లని గూగుల్ అక్కడ ఒప్పుకోదు, పిల్లల కోసం చేసిన మానిటరింగ్ యాప్ అయినా ఐకాన్, నోటిఫికేషన్ కనిపించాల్సిందే. నా పాత ఫోన్‌లో ఏపీకే వేసి చూశాను. ముందు ప్లే ప్రొటెక్ట్ ఆపమంది. తర్వాత యాక్సెసిబిలిటీ పర్మిషన్ అడిగింది. చూపు సరిగా లేనివాళ్లకి స్క్రీన్ చదివి వినిపించే యాప్‌లకి కావాల్సిన పర్మిషన్ అది. అదిస్తే చాటింగ్, ఓటీపీ, స్క్రీన్ మీద వచ్చేది చాలావరకు ఆ యాప్ చదివేస్తుంది. అందుకే ఆండ్రాయిడ్ 13 నుంచి బయటి ఏపీకేలకి సిస్టమే దీన్ని అడ్డుకుంటోంది. ఆ అడ్డు ఎలా దాటాలో కూడా వాళ్ల సైట్‌లో స్టెప్పులు రాసి పెట్టారు!

"ఇదంతా ముందు ఎవరిదో సర్వర్‌కి వెళ్తుంది చిన్నాన్నా, తర్వాతే మీకు" అన్నాను. అప్పుడు కాస్త తగ్గారు.

చట్టం మాట కూడా చెప్పాను. భార్య ఫోన్ మాటల్ని ఆమెకి తెలియకుండా భర్త రికార్డ్ చేయడం గోప్యతకి భంగమేనని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2007లోనే అంది. 2017లో సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల బెంచ్ గోప్యత ప్రాథమిక హక్కని తేల్చింది. అయితే 2025 జులైలో అదే సుప్రీంకోర్టు, భార్యాభర్తల రహస్య రికార్డింగ్‌ని విడాకుల కేసులో సాక్ష్యంగా తీసుకోవచ్చంది. కోర్టులో చెల్లుతుంది కదా అని ఇంట్లో నిఘా పెట్టేయొచ్చని నేననుకోను. పద్దెనిమిది నిండిన మనిషి ఫోన్‌కి పర్మిషన్ ఇవ్వాల్సింది ఆ మనిషే, తండ్రి కాదు.

విషయం చెల్లికి చెప్పేశాను. ఆ రోజంతా తను తండ్రితో మాట్లాడలేదు, ప్యాటర్న్ మార్చేసింది. మర్నాడు తనే గూగుల్ మ్యాప్స్‌లో లొకేషన్ షేరింగ్ పెట్టింది, ప్రయాణం వరకే.

కిరండూల్ ప్యాసింజర్ ఎక్కింది. బొర్రా గుహలు దాటాక మ్యాప్‌లో చుక్క ఆగిపోయింది. సొరంగాల్లో జీపీఎస్ అందదు, కొండల మధ్య డేటా ఉండదు. ఎప్పటి లొకేషనో కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది, అది చిన్నాన్న చూడలేదు. నాకు మూడుసార్లు ఫోన్ చేశారు. ఎస్.కోట దగ్గర చుక్క మళ్లీ కదిలింది. వైజాగ్‌లో దిగగానే తను షేరింగ్ ఆపేసి "చేరిపోయాను" అని నాన్నకి ఫోన్ చేసింది.

యాప్ పేరు రాసిన కాగితం మాత్రం చిన్నాన్న ఇంకా పారేయలేదు.