ఉస్మానియాకు అధ్యాపకులు కావాలి

ఉస్మానియా విశ్వవిద్యాలయంలో మంజూరైన అధ్యాపక పోస్టుల్లో సగానికి పైగా ఖాళీగా ఉన్నాయి. శాశ్వత ప్రాతిపదికన అసిస్టెంట్ ప్రొఫెసర్ల నియామకాలు జరిగి దశాబ్దం దాటింది. ఈలోగా ప్రభుత్వాలు మారాయి, శతాబ్ది ఉత్సవాలు జరిగాయి, కొత్త భవనాలకు శంకుస్థాపనలు అయ్యాయి. పాఠం చెప్పే మనిషి మాత్రం రాలేదు. ఈ విశ్వవిద్యాలయం పుట్టిన తీరుకు ఇది పూర్తిగా విరుద్ధం.

ఉర్దూలో బోధించే విశ్వవిద్యాలయం కావాలని అక్బర్ హైదరీ సమర్పించిన విజ్ఞాపనను ఆమోదిస్తూ ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1917 ఏప్రిల్ 26న ఫర్మానా జారీ చేశారు. ఆ ఏడాదే మొదలైన పని భవన నిర్మాణం కాదు, అనువాద విభాగం. మౌల్వీ అబ్దుల్ హక్ వంటి పండితులను కూర్చోబెట్టి చరిత్ర, గణితం, రసాయన శాస్త్రాలను ఉర్దూలోకి తెప్పించారు. పుస్తకాల పని సాగుతుండగా, 1919 ఆగస్టులో ఆబిడ్స్ ప్రాంతంలో తరగతులు ప్రారంభమయ్యాయి. అప్పుడు విద్యార్థులు 225 మంది, అధ్యాపకులు 25 మంది. అంటే తొమ్మిది మందికి ఒక గురువు. అడిక్‌మెట్‌లో ఆర్ట్స్ కళాశాలకు పునాది పడింది 1934లో. బెల్జియం వాస్తుశిల్పి జాస్పర్ రూపకల్పనలో ఆ గులాబీ రాతి సౌధం పూర్తయి తలుపులు తెరుచుకున్నది 1939 డిసెంబరు 4న. అప్పటికి ఇరవై ఏళ్లుగా చదువు సాగుతూనే ఉంది. ఇంజనీరింగ్ కళాశాల వచ్చి పదేళ్లయింది. వైద్యాన్ని సైతం ఉర్దూలో బోధిస్తున్నారు. నిజామియా ఖగోళ వేధశాల విశ్వవిద్యాలయం చేతిలో ఉంది. ముందు పుస్తకం, తరువాత గురువు, ఆ తరువాతే గోడలు. స్థాపకులు పాటించిన ఆ క్రమమే ఉస్మానియాను నిలబెట్టింది.

ఆ ప్రయత్నంలో అన్యాయం లేదనడం లేదు. తెలుగు, మరాఠీ, కన్నడం మాట్లాడే జనమే అధికంగా ఉన్న సంస్థానంలో బోధన ఉర్దూకే పరిమితమైంది. 1938లో వందేమాతరం పాడారని విద్యార్థులను బహిష్కరిస్తే, వారిలో చాలామంది నాగపూర్ వెళ్లి చదువు పూర్తి చేసుకున్నారు. పి.వి. నరసింహారావు వారిలో ఒకరు. అయినా ఒక భారతీయ భాషలో ఉన్నత శాస్త్ర విద్య సాధ్యమని దేశానికి చూపిన ఘనత ఉస్మానియాదే. హైదరాబాద్ భారత యూనియన్‌లో కలిశాక ఉర్దూ స్థానంలో ఇంగ్లీషు వచ్చింది. తెలుగు అకాడమీ డిగ్రీ పుస్తకాలు తెచ్చినా, పీజీ, పరిశోధన స్థాయిలో తెలుగుకు అలాంటి అనువాద విభాగం ఏర్పడలేదు. పాలమూరు నుంచో, ఆదిలాబాద్ నుంచో తెలుగు మాధ్యమంలో చదివి వచ్చే పిల్లలు ఆ లోటును ఇవాళ్టికీ మోస్తున్నారు. వాళ్లకు పుస్తకం అందనప్పుడు దిక్కయ్యేది అధ్యాపకుడే. ఆ అధ్యాపకుడినీ మనం ఇవ్వడం లేదు.

ఖాళీల భారమంతా కాంట్రాక్టు, పార్ట్‌టైం అధ్యాపకుల మీద పడింది. ఏళ్ల తరబడి విభాగాలను నడుపుతున్నది వాళ్లే, తప్పు వాళ్లది కాదు. కాంట్రాక్టు నియామకాలు మొత్తం పోస్టుల్లో 10 శాతం మించకూడదని యూజీసీ 2018 నిబంధనల్లో చెప్పింది. పరిశోధనకు మార్గదర్శకత్వం వహించే అర్హత శాశ్వత అధ్యాపకులకే ఉంది. ప్రొఫెసర్ ఎనిమిది మందికి, అసోసియేట్ ఆరుగురికి, అసిస్టెంట్ నలుగురికి మించి తీసుకోరాదు. కాబట్టి ఒక ప్రొఫెసర్ పదవీ విరమణ చేసి ఆ కుర్చీ ఖాళీగా మిగిలితే, ఎనిమిది పీహెచ్‌డీ సీట్లకు దారి మూసుకుపోతున్నట్లే. పేద ఇళ్ల పిల్లలకు పరిశోధనలో అడుగుపెట్టే అవకాశం అక్కడే చేజారుతోంది.

ఉమ్మడి నియామక బోర్డు కోసం 2022లో శాసనసభ ఆమోదించిన బిల్లు, గవర్నర్ దాన్ని రాష్ట్రపతి పరిశీలనకు పంపడంతో ఆగింది. దాన్ని సాకుగా చూపి ఏళ్లు దొర్లించారు. 2025 జనవరిలో పదవీ విరమణ వయసును 65కు పెంచారు. ఉన్నవారిని కొంతకాలం ఆపుకోవడానికే అది పనికొస్తుంది, కొత్త తరం దానితో రాదు. నిధుల కొరత అనే వాదనా నిలవదు. బ్లాక్ గ్రాంటులో పెద్ద భాగాన్ని పింఛన్లు మింగేస్తున్నాయన్నది నిజమే. అయితే ఆ పింఛన్ల బాధ్యతను ఖజానా నేరుగా తీసుకోవాలి. ప్రభుత్వ ఉద్యోగులకు దక్కుతున్న భరోసా విశ్వవిద్యాలయ సిబ్బందికి ఎందుకు దక్కకూడదు?

1952 ముల్కీ ఆందోళనలో, 1969లో, మళ్లీ 2009లో తెలంగాణ ఉద్యమాల్లో ఈ ప్రాంగణం విద్యార్థులు ముందు నిలిచారు. లాఠీలు తిన్నారు, చదువులు పోగొట్టుకున్నారు. వాళ్ల త్యాగంతో అధికారంలోకి వచ్చిన ఏ పార్టీకీ ఈ పోస్టుల దస్త్రాన్ని పక్కన పెట్టే హక్కు లేదు.

ప్రభుత్వం విభాగాల వారీగా ఖాళీల జాబితాను బయటపెట్టాలి. రిజర్వేషన్ రోస్టర్‌ను ఖరారు చేసి ఈ విద్యాసంవత్సరంలోనే నోటిఫికేషన్ ఇవ్వాలి. అర్హులైన కాంట్రాక్టు అధ్యాపకుల సేవకు ఎంపికలో తగిన వెయిటేజీ ఇవ్వాలి. తెలుగు అనువాద విభాగానికి వచ్చే బడ్జెట్‌లోనే పద్దు కేటాయించాలి. ఈ పోస్టులు భర్తీ అయ్యేదాకా ప్రాంగణంలో కొత్త శిలాఫలకం వేయరాదు.